కర్ణిక ఇప్పుడెక్కడుంది అని అడిగారు కదా

మీ ప్రశ్న రెండుసార్లు చదివి రాస్తున్నానండి. 2019 డిసెంబర్‌లో మీరు అమ్మానాన్నల్ని తీసుకుని ముంబై నుంచి గోవాకి కర్ణిక అనే క్రూజ్ ఓడలో వెళ్లారు. ఆ తర్వాత రెండేళ్లకి అమ్మగారు పోయారు. ఇప్పుడు నాన్నగారు ఆ ఓడ ఎక్కడ తిరుగుతోందో కనుక్కోమంటున్నారు, కుదిరితే మళ్లీ ఒకసారి ఎక్కుతానంటున్నారు. ఎవరో మీతో "అది ముప్పై ఏళ్ల తుక్కు, రంగేసి మనకి అంటగట్టారు" అన్నారట, నిజమేనా అని అడిగారు. చివర్లో ఇంకో చిన్న సందేహం: ఆ రాత్రి కేబిన్ కిటికీలోంచి అమ్మగారు చూపించిన దీపాల వరస ఏ ఊరిది?

అసలు సంగతి నాన్చకుండా చెప్పేస్తాను. ఆ ఓడ ఇప్పుడు లేదు. 2020 నవంబర్‌లో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకి ఎక్కించి, ముక్కలు చేసేశారు. నాన్నగారికి ఎలా చెప్పాలో మీకే తెలియాలి. అయితే ఆయనకి చెప్పడానికి పనికొచ్చే ఇంకో సంగతి ఉంది, కింద రాస్తాను.

నేను ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యాను. విశాఖలో ఉంటాను. మనవాళ్లు నడిపే ఓడల్లో ఈ ఉద్యోగాన్ని బత్తీ సాబ్ అంటారు. చీఫ్ ఇంజనీరు బడా సాబ్, థర్డ్ ఇంజనీరు తీన్ సాబ్, ఫిఫ్త్ ఇంజనీరు పాంచ్ సాబ్, దీపాలు చూసేవాడు బత్తీ సాబ్. కర్ణిక అని పేరు పెట్టకముందు ఆ ఓడ సిడ్నీ నుంచి పసిఫిక్ జ్యూయెల్ పేరుతో తిరిగేది. అప్పుడు దాంట్లో రెండు కాంట్రాక్టులు చేశాను. తర్వాత 2019లో మా ఆవిడనీ, తోడల్లుడి కుటుంబాన్నీ వెంటబెట్టుకుని టికెట్టు కొనుక్కుని మరీ ఎక్కాను. అంటే ఆ ఓడని కింది అంతస్తుల్లోంచీ చూశాను, పైనుంచీ చూశాను.

తుక్కు అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నాకు చురుక్కుమన్నది అదే.

ఆ ఓడ ఇటలీలో మోన్‌ఫాల్కోనే అనే ఊళ్లో, ఫిన్‌కాంతియేరి వాళ్ల యార్డులో తయారైంది. ఆర్డరిచ్చింది సిట్‌మార్ అనే కంపెనీ. ఓడ పూర్తి కాకముందే 1988లో ఆ కంపెనీని పీ అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీ వాళ్లు కొనేసి తమ ప్రిన్సెస్ క్రూజెస్‌లో కలిపేసుకున్నారు. అందుకని 1990లో నీళ్లమీద తిరగడం మొదలుపెట్టేసరికి దాని పేరు క్రౌన్ ప్రిన్సెస్. న్యూయార్క్‌లో నామకరణం చేసింది సోఫియా లోరెన్. బయటి ఆకారం గీసింది రెంజో పియానో. పారిస్‌లో పాంపిడూ సెంటర్ గీసినవాళ్లలో ఒకాయన, ఆ తర్వాత జపాన్‌లో సముద్రం పూడ్చి కట్టిన కన్సాయ్ విమానాశ్రయం, లండన్‌లో షార్డ్ గీసింది కూడా ఆయనే. మీ ఫొటోల్లో ఓడ ముందువైపు చూడండి. మామూలు ఓడల్లా మెట్లుమెట్లుగా ఉండదు, డాల్ఫిన్ నుదురులాగా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఆ నుదురు లోపలే డోమ్ అని పెద్ద హాలు. మొదట్లో కేసినో అక్కడే ఉండేది. నా రోజుల్లో రాత్రిళ్లు డాన్సులకి, పగలు ఖాళీగా కూర్చుని సముద్రం చూసేవాళ్లకి.

ఆ నుదురు చూసి రేవుల్లో నవ్వినవాళ్లూ ఉన్నారు, ముచ్చటపడ్డవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ఆ ఓడని ఎంత దూరంలో ఉన్నా పోల్చుకోగలగడమే గొప్ప. ఈ రోజుల్లో వస్తున్నవాటిని పక్కపక్కన నిలబెడితే ఏది ఏదో చెప్పలేం, అపార్ట్‌మెంటు పడుకోబెట్టి తేల్చినట్టుంటాయి.

తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 2002లో జర్మన్ల చేతికి వెళ్లి అరోజా బ్లూ అయింది, 2004లో ఐడాబ్లూ అయింది. ఐడా వాళ్లు ఓడ ముక్కు మీద ఎర్రటి పెదాలు గీస్తారు, దీనికీ గీశారు. 2007లో ఇంగ్లిష్ ప్రయాణికుల కోసం ఓషన్ విలేజ్ టూ. 2009 చివర్లో సిడ్నీ చేరి పసిఫిక్ జ్యూయెల్. 2019లో మన దగ్గరికొచ్చి కర్ణిక. అంటే ఆరు పేర్లు.

ఈ ఆరో పేరు గురించి ఒక ముక్క చెప్పాలి. కర్ణిక అంటే తామరపువ్వు మధ్యలో ఉండే దుద్దు. కానీ తెలుగు మీడియంలో చదివినవాడికి ఆ మాట వినగానే తామర గుర్తు రాదు, గుండె బొమ్మ గుర్తొస్తుంది. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు, రంగు పెన్సిళ్లతో గీసి భాగాలు గుర్తించినది. ఇంగ్లిషులో గుండెలోని కర్ణికనీ, క్రూజ్ ఓడ నడిమధ్య మూడంతస్తుల ఎత్తున తెరిచి ఉండే హాలునీ ఒకే మాటతో ఏట్రియం అంటారు. పేరు పెట్టినవాళ్లు ఇది ఆలోచించి పెట్టారనుకోను. మెట్లు, ఇత్తడి రెయిలింగు ఉన్న ఆ హాల్లో నిలబడి మా తోడల్లుడి కూతురికి ఇదంతా చెప్తే "అయితే పెదనాన్నా, జఠరిక ఎక్కడ?" అంది. ఇంజన్ రూమ్ అని చెప్పాను.

ఇక సైజు. 245 మీటర్ల పొడవు, దాదాపు 70,000 గ్రాస్ టన్నులు, 800 దాకా కేబిన్లు. గ్రాస్ టన్ను అంటే బరువనుకుంటారు చాలామంది. కాదు, అది లోపలి చోటుకి కొలత. టైటానిక్ పొడవు 269 మీటర్లు, కానీ గ్రాస్ టన్నులు 46,000 పైచిలుకే. అంటే కర్ణిక టైటానిక్ కన్నా పొట్టిది, లోపల మాత్రం దానికి ఒకటిన్నర రెట్లు విశాలం. మరి 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్? 365 మీటర్లు, 2,48,663 గ్రాస్ టన్నులు. కర్ణికలాంటివి మూడున్నర పడతాయి దాంట్లో. అందుకే 1990లో మహా ఓడ అనిపించుకున్నది మన దగ్గరికొచ్చేసరికి మధ్యరకం అయిపోయింది. అది కుంచించుకుపోలేదు, పక్కవాళ్లు పెరిగారు.

మధ్యరకం ఓడలో నాకు నచ్చేది ఏమిటంటే, మూడోరోజుకల్లా మనుషులు మొహాలు గుర్తుపడతారు. పొద్దున్నే డెక్ మీద నడిచేవాళ్లు వాళ్లే, మజ్జిగ కోసం క్యూలో నిలబడేవాళ్లు వాళ్లే. ఆరేడు వేలమంది ఎక్కే ఓడలో ఆ ముచ్చట లేదు.

నా పని పై అంతస్తుల్లో తక్కువ, కిందే ఎక్కువ. ప్రయాణికులకి కనిపించని చోట, ఓడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పొడవాటి దారి ఉంటుంది. సామాన్ల ట్రాలీలు, బట్టల మూటలు, చెత్త సంచులు, షిఫ్టు మారే మనుషులు అందరూ అందులోనే. అమెరికన్ ఓడల్లో దాన్ని ఐ-95 అంటారు, వాళ్ల హైవే పేరు. బ్రిటిష్ వాసన ఉన్న ఓడల్లో ఎమ్-1 అంటారు, పీ అండ్ ఓ పాతకాపులైతే బర్మా రోడ్ అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తాతల కాలంలో మా వైపు ఊళ్లలో కూలి దొరక్కపోతే "రంగం పోతాను" అని ఓడెక్కేవారు. రంగం అంటే రంగూన్. నేను మాత్రం రోజుకి పదిసార్లు బర్మా రోడ్డు మీద ఇటూ అటూ నడిచి, సాయంత్రానికి నా కేబిన్‌కే వచ్చేవాణ్ణి.

ఆ దారిలో ఒక కరెంటు ప్యానెల్ ఉండేది. తలుపు మీద ఇంగ్లిషులో మా కంపెనీ స్టిక్కరు. దాని అంచు లేచిపోయి ఉంటే ఒకసారి గోటితో లాగాను. కింద జర్మన్ స్టిక్కరు, జాగ్రత్త అన్న హెచ్చరిక. అదీ సగం ఊడి ఉంది. దాని కింద యార్డు వాళ్లు స్క్రూలతో బిగించిన చిన్న పలక, దాని మీద ఇటాలియన్ అక్షరాలు. పాత ఇంటి గోడకి సున్నం గీకితే పొరలు పొరలుగా పాత రంగులు కనిపించినట్టుంది. పైన ఇంకో స్టిక్కరు అంటించేసి వచ్చేశాను. ఏ పేరుతో తిరిగినా లోపల రాగి తీగ ఒక్కటే కదా, అదే నాలుగు డీజిల్ ఇంజన్లు కరెంటు పుట్టిస్తాయి, ఆ కరెంటుతోనే మోటార్లు ప్రొపెల్లర్లని తిప్పుతాయి, ఆ కరెంటుతోనే కేబిన్‌లో దీపం వెలుగుతుంది. ఓడ నడవడానికీ, వంటింట్లో ఇడ్లీ ఉడకడానికీ ఒకటే మూలం.

సిడ్నీ రోజుల్లో ప్రయాణికులు ఎక్కువగా ఆస్ట్రేలియా వాళ్లే. మూడు నాలుగు రాత్రుల చిన్న ట్రిప్పుల్లో కుర్రాళ్లు, వారం పది రోజుల ట్రిప్పుల్లో పెద్దవాళ్లు. ఓడ ఆగేది పసిఫిక్ దీవుల్లో: నౌమియా, లిఫూ, పోర్ట్ విలా, ఇంకా మిస్టరీ ఐలాండ్. ఈ చివరిదాంట్లో కాపురముండేవాళ్లెవరూ లేరు, రెండో ప్రపంచ యుద్ధం నాటి చిన్న విమానాల పట్టీ ఒకటుంది. ఓడ వచ్చే రోజున పక్కనున్న అనైట్యుమ్ దీవి నుంచి జనం పడవలేసుకుని వచ్చి సంత పెడతారు, ఓడ వెళ్లగానే సర్దుకుని వెళ్లిపోతారు. ఓడ మీద బింగో, కరావోకే, సర్కస్ ఫీట్లు. నవంబర్ మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ గుర్రపు పందెం ఉంటుంది, ఆ రోజు ఆడవాళ్ల టోపీలు చూసి తీరాలి.

అక్కడ కనిపించిన ఒకాయన్ని మీకు పరిచయం చేయాలి. నేను ఏదో అంతస్తు కారిడార్‌లో నిచ్చెన వేసుకుని దీపం మారుస్తున్నాను. డెబ్బై దాటిన మనిషి, చేతిలో మడతలు పడి చిరిగిన ఒక కాగితం. అది ఓడ ప్లాను, కానీ క్రౌన్ ప్రిన్సెస్ నాటిది. తొంభైల్లో భార్యతో కలిసి ఇదే ఓడలో అలాస్కా వెళ్లాడట, అప్పటి కేబిన్ వెతుకుతున్నాడు. నంబర్లు కలవడం లేదు. యజమానులు మారినప్పుడల్లా కొన్ని గోడలు జరిపారు, నంబర్లు మార్చారు. అప్పుడు నాకు తట్టింది: గోడలు మార్చొచ్చు గాని, మంటలు ఆపే స్టీలు తలుపుల చట్రాలు, మెట్ల దారులు కదలవు. అవి ఓడ ఎముకలు. మెట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి, కాగితం మీద చట్రాలు లెక్కపెట్టుకుంటూ ఇద్దరం నడిచాం. ఎనిమిదో తలుపో తొమ్మిదో తలుపో. లోపల వేరేవాళ్లున్నారు, తట్టలేదు. ఆయన తలుపు పక్కన గోడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత నాకేసి తిరిగి "కార్పెట్ అప్పుడు దీనికన్నా బావుండేది" అన్నాడు. అంతే, కాఫీ తాగడానికి వెళ్లిపోయాడు.

నాన్నగారు మళ్లీ ఎక్కుతానన్నారని మీరు రాయగానే నాకు గుర్తొచ్చింది ఆ మనిషే.

ఇక మనవాళ్లు. 2019లో కర్ణిక ఎక్కేరోజు మేం హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబై సీఎస్ఎమ్‌టీ స్టేషన్లో దిగి, బల్లార్డ్ పీర్ గ్రీన్ గేటు దగ్గరికి టాక్సీలో వెళ్లాం. క్యూ చూస్తే పెళ్లివారి విడిదిలా ఉంది. ఒక్కో కుటుంబం పదిహేను, ఇరవైమంది. మూడు తరాలు, ఒకే రంగు టీషర్టులు. స్కానింగ్ దగ్గర ఒక బల్ల నిండా పట్టుకున్న సామాన్లు: ఇస్త్రీపెట్టెలు, కరెంటు కెటిళ్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు. ఒకాయన గొడవ పడుతున్నాడు, "ఇంత ఓడ నడిపేవాళ్లకి నా ప్లగ్ బాక్సు బరువైందా?" అని. బత్తీ సాబ్‌గా చెప్తున్నాను, వాళ్లు చేసింది సరైన పని. ఇంట్లో కరెంటుకి ఒక తీగ లైవ్, ఒకటి న్యూట్రల్, న్యూట్రల్ భూమికి కలిసి ఉంటుంది. ఓడలో సాధారణంగా ఏ తీగనీ ఓడ ఒంటికి కలపరు. అలాంటి చోట సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే అడ్డుకునే పరికరం) ఉన్న ఇంటి బాక్సు పెడితే అది వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లమీద మంటకి మించిన భయం లేదు మాకు.

లోపలికెళ్లాక నేను పనిచేసిన ఓడని నేనే పోల్చుకోలేకపోయాను. గోడలు అవే. కానీ సిడ్నీలో కేబిన్ తలుపులు మూసి ఉండేవి, ఇక్కడ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక కేబిన్‌లో పేకాట, ఎదురు కేబిన్‌లో పిల్లలు, మధ్యలో కారిడార్‌లో పెద్దావిడ కుర్చీ వేసుకుని ఇద్దర్నీ కనిపెడుతోంది. భోజనంలో జైనులకి వేరే వంట, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా. సముద్రం కాస్త ఊగితే మా సిబ్బంది తినేది పచ్చ ఆపిల్, మనవాళ్లు బ్యాగుల్లోంచి తీసింది నిమ్మకాయలు, ఉప్పు రాసిన అల్లం ముక్కలు. మా ఆవిడ కందిపొడి డబ్బా తెచ్చింది, నాకు చెప్పకుండా. రెండోపూటకి మా బల్ల దగ్గర గుంటూరు కుటుంబం ఒకటి చేరింది, వాళ్ల దగ్గర ఆవకాయ సీసా. పెరుగన్నం ఆ హాల్లో దొరికింది, మిగతాది మా బల్ల మీదే అయింది.

లైఫ్‌జాకెట్ల డ్రిల్లుకి మనవాళ్లు రారని చాలామంది అంటారు. ఆ రోజు వచ్చారు. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత మోగితే పిల్లలు కూడా గప్‌చుప్. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కంకార్డియా అనే క్రూజ్ ఓడ ఒరిగిపోయినప్పటి నుంచి నిబంధన గట్టిదైంది, ఓడ కదలకముందో కదిలిన వెంటనేనో డ్రిల్లు అయితీరాలి. ఒక ముసలాయన నారింజరంగు జాకెట్టు తొడుక్కుని, విజిల్ ఊది చూసి, భార్యకి "నువ్వు పిలిస్తే పలకను గాని, ఇదైతే వినిపిస్తుంది" అన్నాడు. ఆ బృందమంతా నవ్వారు. మీరు రాసినదాంట్లో అమ్మగారు ఆ జాకెట్టులో దిగిన ఫొటో ఉందన్నారు కదా, దాన్ని పోగొట్టకండి.

మరి ఎందుకు పోయింది ఆ ఓడ? ముసలిదై కాదు. దీనికి నా దగ్గర గట్టి సాక్ష్యం ఉంది.

కర్ణికకి కవల ఉంది. అదే యార్డు, అదే గీత, అదే డాల్ఫిన్ నుదురు. ఏడాది తర్వాత 1991లో వచ్చింది, పేరు రీగల్ ప్రిన్సెస్, నామకరణం చేసింది మార్గరెట్ థాచర్. 2007 నుంచి ఆస్ట్రేలియాలో పసిఫిక్ డాన్. అది కూడా 2020 చివర్లోనే అమ్ముడైంది. కొన్నవాళ్లు సతోషి అని పేరు పెట్టి, పనామా దగ్గర బిట్‌కాయిన్ అభిమానులు కాపురముండే తేలే ఊరుగా మారుద్దామనుకున్నారు. బీమా దగ్గర ఆ ముచ్చట చెడింది. అలంగ్‌కి అమ్మేద్దామనుకునేదాకా వెళ్లి, చివరి నిమిషంలో తప్పింది. ఇప్పుడది ఆంబియన్స్ పేరుతో, లండన్ దగ్గర థేమ్స్ నది మీదున్న టిల్‌బరీ రేవు నుంచి ప్రయాణికుల్ని ఎక్కించుకుని తిరుగుతోంది. ఇంకో ఉదాహరణ మన కళ్లముందే ఉంది. 2022 జూన్‌లో మా విశాఖ రేవుకి ఎంప్రెస్ అనే క్రూజ్ ఓడ వస్తే ఊరు ఊరంతా చూడ్డానికెళ్లింది. అదీ 1990 ఓడే, ఫ్రాన్స్‌లో కట్టింది. ఆ ఏడాదే పుట్టిన కార్నివాల్ ఫాంటసీని మాత్రం 2020లోనే టర్కీలో అలియాగా ఒడ్డున కోసేశారు. ఈడు ఒకటే, రాతలు వేరు.

ప్రయాణికుల ఓడకి ఏటా సర్టిఫికెట్ల తనిఖీ ఉంటుంది, ఐదేళ్లలో కనీసం రెండుసార్లు అడుగు భాగం చూస్తారు, రేకు మందం కొలుస్తారు. తుక్కు రేకుతో ఎవరూ ప్రయాణికుల్ని ఎక్కించనివ్వరు. పాత ఓడకి అసలు చిక్కు రేకు కాదు, సంపాదన. ఆ రోజుల్లో కట్టినవాటిలో బాల్కనీ కేబిన్లు తక్కువ, ఇప్పటి జనానికి బాల్కనీ కావాలి, దానికే ఎక్కువ డబ్బిస్తారు. పైగా 2020 జనవరి నుంచి ప్రపంచమంతా ఓడల్లో కాల్చే నూనెలో గంధకం పరిమితిని మూడున్నర శాతం నుంచి అర శాతానికి దించారు. నూనె ఖరీదు పెరిగింది. అయినా ఓడ నిండుతున్నంతకాలం ఎలాగో నడిచిపోతుంది.

నిండడం ఆగింది 2020 మార్చిలో. కోవిడ్‌తో ప్రయాణాలు ఆగిపోయాయి, కర్ణిక ముంబై దగ్గర నిలబడిపోయింది. కారు అయితే తాళం వేసి కవరు కప్పొచ్చు. ఓడకి కుదరదు. ఒక్క జనరేటరైనా తిరుగుతూ ఉండాలి, పంపులు ఉండాలి, మనుషులుండాలి, వాళ్లకి తిండి, జీతం, రేవు అద్దె. ఒక్క రూపాయి రాబడి లేకుండా రోజూ నూనె కాలుతూనే ఉంటుంది. కర్ణికని నడిపింది అప్పటికి ఏడాదికూడా నిండని కొత్త కంపెనీ, ఆ ఏడాదే మూతపడింది. వెనక చాలా ఓడలున్న కంపెనీలు ఆ ఏడాది దెబ్బని పది ఓడల మీద సర్దుకున్నాయి, వీళ్లకున్నది ఒకే ఓడ. బాకీలవాళ్లు ముంబై హైకోర్టుకి వెళ్లారు.

ఇక్కడొక విచిత్రం ఉంది, లాయర్లు కానివాళ్లకి అంతగా తెలియదు. సముద్ర చట్టంలో యజమానిని వదిలేసి ఓడ మీదే కేసు వేయొచ్చు, కోర్టు ఓడని అరెస్టు చేయొచ్చు. నిజంగానే అరెస్టు అన్న మాటే వాడతారు. మనకి 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ఉంది, ఓడని అమ్మితే వచ్చిన డబ్బులో సిబ్బంది జీతాలు ముందు వరసలో ఉంటాయి. అలా కోర్టు ద్వారా వేలమై, తుక్కు కొనేవాళ్ల చేతికెళ్లింది. క్రూజ్ ఓడల్ని ఎవరూ నడపలేని ఆ ఏడాదిలో, నడపడానికి కొనేవాడెవడు? ఒక్క రెండేళ్లు ఎక్కడైనా నీడపట్టున నిలబెట్టగలిగి ఉంటే నాన్నగారు మళ్లీ ఎక్కి ఉండేవారని నా నమ్మకం.

అలంగ్ గురించి మీరడగలేదు, అయినా చెప్తాను. ఖంభాత్ సింధుశాఖలో పోటుకీ పాటుకీ తేడా పది మీటర్లు దాటుతుంది. మూడంతస్తుల ఇల్లంత ఎత్తు. అమావాస్యకో పున్నానికో నీళ్లు బాగా ఎక్కినప్పుడు ఓడని పూర్తి వేగంతో ఒడ్డు మీదికి తోలతారు. జీవితమంతా ఒడ్డు తగలకుండా చూసుకున్న కెప్టెన్ ఆ రోజు కావాలని తగిలిస్తాడు. నీళ్లు దిగాక ఓడ బురదలో కూర్చుని ఉంటుంది, ఇంక కదలదు. ముందు లోపలి సామాన్లు, తర్వాత గ్యాస్ కట్టర్లు.

2021 ఫిబ్రవరిలో మా అబ్బాయి సూరత్‌లో ఉంటే చూడ్డానికెళ్లి, అక్కణ్ణుంచి భావ్‌నగర్ మీదుగా అలంగ్ వెళ్లాను. యార్డులోకి ఊరికే రానివ్వరు. కానీ దానికెళ్లే రోడ్డు పొడుగునా కొట్లుంటాయి. ఒకడి దగ్గర అన్నీ పరుపులు, ఒకడి దగ్గర అన్నీ గిన్నెలు, ఒకడి దగ్గర వ్యాయామం యంత్రాలు, ఒకడి దగ్గర ఎవరో ముసలాయన విజిల్ ఊదినలాంటి నారింజ జాకెట్ల గుట్ట. "కర్ణికా కా మాల్" అంటే ధర పెరుగుతుందని కాబోలు, అందరూ తమది కర్ణిక సరుకే అన్నారు. ఆ ఏడాది అలంగ్‌కి వేరే క్రూజ్ ఓడలు కూడా వచ్చాయి, మార్కో పోలో జనవరిలోనే వచ్చింది. ఏ కుర్చీ దేనిదో దేవుడికే తెలియాలి.

కరెంటు సామాన్ల కొట్లో మాత్రం గంటసేపు ఉన్నాను. మూలన ప్యానెల్ తలుపులు పుస్తకాల్లా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోటీ తీసి చూశాను. ఒకదాని మీద ఇంగ్లిష్ స్టిక్కరు, కింద జర్మన్ స్టిక్కరు అంచు. నా తలుపేనని చెప్పను, అలాంటివి ఓడలో బోలెడుంటాయి. కొట్టువాడు తూకం వేసి ధర చెప్పాడు, రేకు ధర, అక్షరాల ధర కాదు. కొనలేదు. రైల్లో ఎక్కడ పెట్టుకుంటాను? వచ్చాక మా ఆవిడ అంది, స్టిక్కరు ఒక్కటీ ఊడదీసుకుని రావలసిందని. అది నాకు తట్టలేదు.

సరే, నాన్నగారికి చెప్పదగ్గ సంగతి ఏమిటంటే, కవల ఓడ ఆంబియన్స్ ఇంకా ఉంది. మీ కుటుంబంలో ఎవరైనా ఇంగ్లండ్‌లో ఉంటే, టిల్‌బరీ నుంచి చిన్న ట్రిప్పులు చూడండి. కుర్చీలు, తివాచీలు వేరు. కానీ ఆ ఏట్రియం మెట్లు, డోమ్ వంపు, కారిడార్లో స్టీలు చట్రాలు అవే కొలతలు. మీ కేబిన్ ఎక్కడుండేదో మెట్ల దగ్గర నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లొచ్చు. వీసా, చలి, ఆయన వయసు ఇవన్నీ మీరే చూసుకోవాలి. కుదరకపోతే మన తీరంలో తిరిగే ఓడ ఎక్కించండి, కానీ అది వేరే ఓడని ముందే చెప్పండి. ఆయన పోల్చుకుంటారు.

ఇక దీపాలు. ముంబై నుంచి గోవాకి దక్షిణంగా వెళ్తాం కాబట్టి ఒడ్డు ఎడమవైపు ఉంటుంది. సాధారణంగా ఓడల్లో సరి సంఖ్య కేబిన్లు ఎడమపక్క, బేసి సంఖ్యవి కుడిపక్క. మీది బేసి అయితే అమ్మగారు చూసింది ఊరు కాదు, అటువైపు అరేబియా సముద్రమే. సరి సంఖ్య అయితే రెండు రకాలుగా ఉండొచ్చు. కింది అంతస్తు కిటికీ నీళ్లకి పదిహేను మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, అక్కణ్ణుంచి సముద్రపు గీత, అంటే నీళ్లూ ఆకాశమూ కలిసినట్టు కనిపించే చోటు, సుమారు ఎనిమిది నాటికల్ మైళ్ల దూరంలో ఉంటుంది. కొండమీద ఉన్న దీపాలైతే అంతకు రెండింతల దూరం నుంచీ కనిపిస్తాయి, రత్నగిరి వైపు అలాంటి కొండలున్నాయి. దీపాలు కదలకుండా మినుకుమినుకుమంటూ, గీతకి అంటుకుని ఉంటే ఊరే. గీతకి ఇవతల, నీళ్లమీద మెరుస్తూ ఒకదాని తర్వాత ఒకటి ఉంటే వేటకొచ్చిన పడవలు. వల ఈడ్చే పడవ నిబంధన ప్రకారం పైన పచ్చదీపం, కింద తెల్లదీపం పెట్టాలి, అందరూ పెట్టరనుకోండి. ఆ వరసలో ఎక్కడైనా పచ్చ కనిపించిందేమో నాన్నగారిని అడగండి. కేబిన్ తాళం కార్డు దాచుకున్నానన్నారు. దాని మీదో, టికెట్టు కాగితంలోనో నంబరు ఉంటుంది, చూసి ఇక్కడ రాయండి.